ఎండోమెట్రియోసిస్ స్పెషలిస్టు నర్సు సేవ: బ్రిటన్ సెంటర్లలో ఏది బాగుంది, ఎక్కడ తడబడుతోంది

గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట పెరిగే జబ్బు ఎండోమెట్రియోసిస్. బ్రిటన్‌లో ఈ జబ్బుకు సెంటర్‌గా గుర్తింపు రావాలంటే మంచి సర్జన్ ఒక్కరుంటే సరిపోదు. ఆ గుర్తింపు ఇచ్చేది బ్రిటిష్ సొసైటీ ఫర్ గైనకలాజికల్ ఎండోస్కోపీ అనే వైద్యుల సంఘం. అందరూ బీఎస్‌జీఈ అనే అంటారు. పేగుకూ యోనికీ మధ్య లోతుగా పాకిన వ్యాధికి ఏడాదికి కనీసం 12 ఆపరేషన్లు చేయాలి, వాటి వివరాలు ఉమ్మడి డేటాబేస్‌లోకి ఎక్కించాలి, పేగు సర్జన్ తోడుండాలి, ఈ జబ్బు కోసం పనిచేసే స్పెషలిస్టు నర్సు ఒకరు ఉండాలి. చికిత్స ఎలా ఉండాలో చెప్పే సంస్థ నైస్ 2017లో ఇచ్చిన మార్గదర్శకం ఎన్‌జీ73 కూడా స్పెషలిస్టు సెంటర్‌లో ఎవరెవరు అందుబాటులో ఉండాలో చెబుతూ ఈ నర్సును లెక్కలో వేసింది. సర్జన్ల గురించి రాసేవాళ్లు చాలామందే ఉన్నారు. ఈ సమీక్ష ఆ నర్సు సేవ గురించి.

తీర్పు ముందే చెప్పేస్తే చదవడం తేలిక. సెంటర్‌లో పేషెంటుకు రోజువారీగా ఎక్కువ పనికొచ్చే భాగం ఇదే, కాస్త ఒత్తిడి పడగానే ముందు కుప్పకూలేదీ ఇదే. ఒకే ఆసుపత్రిలో ఒకే సర్జన్ దగ్గర చూపించుకున్న ఇద్దరి అనుభవాలు పొంతన లేకుండా ఉన్నాయంటే, మధ్యలో నర్సు సెలవులో ఉందేమో కనుక్కోవాల్సిందే.

పని పెద్దదే. పునరుత్పత్తి వయసులో ఉన్న మహిళల్లో దాదాపు పది శాతం మందికి, అంటే ప్రపంచవ్యాప్తంగా సుమారు 19 కోట్ల మందికి ఈ జబ్బు ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. బ్రిటన్‌లో జబ్బు పేరు తేలడానికి సగటున 8 ఏళ్ల 10 నెలలు పడుతోందని ఎండోమెట్రియోసిస్ యూకే అనే స్వచ్ఛంద సంస్థ 2024లో చెప్పింది. అన్నేళ్లపాటు "అందరికీ ఉండే నొప్పే కదా" అనిపించుకుని వచ్చిన మనిషితో మొదట తీరిగ్గా కూర్చునేది ఈ నర్సే.

ఎవరీ నర్సు

వార్డు నర్సుతో కలిపేసుకోవద్దు. వీళ్లు సాధారణంగా బ్రిటన్ ప్రభుత్వ ఆరోగ్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ జీతాల పట్టికలో బ్యాండ్ 6, 7 స్థాయిల్లో ఉంటారు. గైనకాలజీలో అనుభవం సంపాదించి, ఆ తర్వాత ఈ జబ్బు మీదే దృష్టి పెట్టినవాళ్లు. ఈ ఉద్యోగానికి ఏయే నైపుణ్యాలు కావాలో రాయల్ కాలేజ్ ఆఫ్ నర్సింగ్ 2015లో ఒక చట్రం తయారుచేసింది. అయినా సెంటర్‌కూ సెంటర్‌కూ తేడా బాగానే కనిపిస్తుంది. అందులో పెద్ద తేడా ఒకటే: ఆవిడకు మందులు రాసే అర్హత ఉందా, లేదా?

అర్హత ఉన్న నర్సులు 2006 నుంచి దాదాపు అన్ని మందులూ స్వయంగా రాయగలుగుతున్నారు. అలాంటి నర్సు ఉన్నచోట, కొత్త మాత్రతో రక్తస్రావం ఆగడం లేదని ఫోన్ చేస్తే ఆ వారంలోనే మందు మారే అవకాశం ఉంది. అర్హత లేనిచోట నర్సు డాక్టరుకు నోట్ పెట్టాలి, డాక్టరు జీపీకి (మీ ఫ్యామిలీ డాక్టరుకు) ఉత్తరం రాయాలి, జీపీ మందు రాయాలి. ఈలోగా ఇంకో నెలసరి వచ్చి పోతుంది. కాబట్టి మొదటిసారి మాట్లాడినప్పుడే "మందులు మీరే రాస్తారా?" అని మొహమాటపడకుండా అడగండి. సేవ ఏ తరగతిదో ఆ ఒక్క ప్రశ్నతో సగం తేలిపోతుంది.

మొదటి అపాయింట్‌మెంట్

మంచి నర్సు మొదట స్కాన్ రిపోర్టు జోలికి పోదు, వివరాలు అడుగుతుంది. నొప్పి నెలసరికి ఎన్ని రోజుల ముందు మొదలవుతోంది? మలవిసర్జనప్పుడు నొప్పి ఆ రోజుల్లోనే ఉంటోందా, నెలంతా ఉంటోందా? మూత్రంలో మంటగానీ రక్తంగానీ నెలసరితో వచ్చి పోతున్నాయా? కలయిక సమయంలో నొప్పి పైపైనా, లోతుగానా, తర్వాత ఎన్ని గంటలు ఉంటుంది? నెలసరప్పుడు కుడి భుజం నొప్పి, ఆయాసం వస్తున్నాయా? ఈ చివరి ప్రశ్న విని చాలామంది ఆశ్చర్యపోతారు. వ్యాధి డయాఫ్రమ్ (ఛాతీకీ పొట్టకీ మధ్య ఉండే కండరం) మీదికో ఛాతీలోకో పాకితే ఇలా జరుగుతుంది, అరుదుగా నెలసరి సమయంలో ఊపిరితిత్తి కుదించుకుపోతుంది కూడా. ఆ ప్రశ్న అడిగే నర్సు దొరికిందంటే సెంటర్ సరైనదే.

స్కాన్ మామూలుగా ఉందని పంపేసే నర్సు దొరికితే మాత్రం అక్కడ ఏదో లోపముంది. పరీక్ష, అల్ట్రాసౌండ్, ఎమ్మారై మామూలుగా వచ్చినంత మాత్రాన ఎండోమెట్రియోసిస్ లేదనుకోకూడదని నైస్ స్పష్టంగానే చెప్పింది. పొత్తికడుపు లోపలి పొర మీద పైపైన ఉండే మచ్చలు స్కాన్‌కు చిక్కవు. సీఏ-125 రక్తపరీక్షతో జబ్బు ఉందని తేల్చడం కూడా కుదరదు.

ఇక డైరీ. సేవలో ఖర్చు లేని భాగం ఇదే, ఫలితం ఎక్కువున్న భాగాల్లో కూడా ఇదొకటి. అయితే "నొప్పి బాగా ఉంది" అని రాస్తే ఎవరికీ పనికిరాదు. పనికొచ్చే వరుస ఇలా ఉంటుంది: "12వ తేదీ, నెలసరి 2వ రోజు, నొప్పి 8, పొత్తికడుపు ఎడమ నుంచి తొడ లోపలి దాకా, మలవిసర్జనకు వెళ్తే కోసినట్టు, ఐబుప్రొఫెన్ 400 రెండుసార్లు, మూడు గంటలు తగ్గింది, పనికి వెళ్లలేదు." ఇలా కనీసం రెండు మూడు నెలలు రాసుకెళ్తే నొప్పి నెలసరితో నడుస్తోందా, దాన్ని దాటి నెలంతా పరుచుకుందా తెలుస్తుంది. మొదటిదైతే హార్మోన్లతో ఎక్కువ ఆశ పెట్టుకోవచ్చు. రెండోదైతే నరాలు, పొత్తికడుపు అడుగు కండరాలు కూడా ఇందులో చేరాయని అనుమానించాలి. ఆపరేషన్ ఒక్కదానితో అది పోదు.

కొన్ని చోట్ల ఈహెచ్‌పీ-30 అనే ప్రశ్నాపత్రం ఇస్తారు. నొప్పి, పరిస్థితి మీద అదుపు, మనఃస్థితి, చుట్టూ ఉన్నవాళ్ల ఆసరా, తన మీద తనకున్న అభిప్రాయం అనే ఐదు భాగాల్లో 30 ప్రశ్నలుంటాయి. ఒక్కో భాగానికి 0 నుంచి 100 వరకు మార్కులు, తక్కువ వస్తే మంచిది. చికిత్సకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి నింపి రెండూ పక్కపక్కన పెట్టి చూపిస్తేనే దీనికి విలువ. నింపించుకుని ఫైల్లో పడేసే సెంటర్లూ ఉన్నాయి. అలాంటిచోట "పోయినసారి మార్కులు ఎంత?" అని అడిగితే వెతికి తీస్తారు.

నొప్పి మందుల లెక్క

ఇక్కడ నర్సు చేసే పని బయటికి చిన్నగా కనిపిస్తుంది. ఇంట్లో ఉన్న మాత్రలన్నీ, దుకాణంలో కొన్నవి కూడా, పేర్లతో సహా చెప్పమంటుంది. ఎందుకంటే కోడీన్ ఉండే కో-కోడమాల్ మాత్రలో పారాసిటమాల్ కూడా ఉంటుంది. దాని మీద విడిగా పారాసిటమాల్ వేసుకుంటే 24 గంటల్లో 4 గ్రాముల గరిష్ఠ పరిమితి తెలియకుండానే దాటిపోతుంది. పెద్దవాళ్లకు మామూలు మోతాదు ఒక గ్రాము చొప్పున రోజుకు నాలుగుసార్లు, మధ్యలో కనీసం నాలుగు గంటలు. ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు రోజుకు మూడుసార్లు, తిన్నాక. ఆస్తమా, కడుపులో పుండ్లు, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు అడగకుండా వేసుకోకూడదు. పిల్లల కోసం ప్రయత్నిస్తున్నవాళ్లు కూడా ఒక మాట అడగాలి.

ఎక్కువమంది చేసే పొరపాటు మోతాదులో ఉండదు, సమయంలో ఉంటుంది. నొప్పి 9కి చేరాక ఐబుప్రొఫెన్ వేసుకుంటే అప్పటికే నొప్పి పుట్టించే ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు తయారైపోయి ఉంటాయి. ఆ మందు పని వాటి తయారీని ఆపడం. అందుకే నెలసరి తేదీ ముందే తెలిసేవాళ్లయితే మొదటి సూచన కనిపించగానే మొదలుపెట్టి రెండు మూడు రోజులు వేళ ప్రకారం వేసుకోమంటారు.

కోడీన్ (నల్లమందు జాతి నొప్పి మందు) విషయంలో మంచి నర్సు కాస్త మొండిగానే ఉంటుంది, ఉండాలి కూడా. కోడీన్‌తో మలబద్ధకం వస్తుంది. పేగు దగ్గర వ్యాధి ఉన్నవాళ్లకు మలబద్ధకమే కొత్త నొప్పి. దానికి మళ్లీ కోడీన్! ఈ చక్రంలో ఇరుక్కుని అత్యవసర విభాగానికి వచ్చేవాళ్లు ఉంటారు. నరాల నొప్పికి రాత్రిపూట 10 మిల్లీగ్రాముల అమిట్రిప్టిలిన్‌తో మొదలుపెడితే, పొద్దున మత్తు వదలడం లేదని నాలుగు రోజులకే మానేసేవాళ్లు చాలామంది. పడుకునే ముందు కాకుండా ఒకటి రెండు గంటలు ముందే వేసుకోమని, ఫలితం తేలడానికి కొన్ని వారాలు పడుతుందని మొదటి రోజే చెబితే అంత తొందరగా మానరు. చెప్పడానికి డాక్టరుకు సమయం ఉండదు. నర్సుకు ఉండాలి.

ఒక చిన్న విషయం. పొత్తికడుపు అడుగు కండరాలు బిగుసుకుపోయి ఉన్నవాళ్లు ఇంటర్నెట్‌లో చూసి కెగెల్ వ్యాయామాలు మొదలుపెడతారు. బిగుసుకున్న కండరాన్ని ఇంకా బిగిస్తే నొప్పి పెరుగుతుంది. వీళ్లకు ముందు కావాల్సింది వదులు చేయడం, లోతైన శ్వాస, ఈ కండరాల మీద పనిచేసే ఫిజియోథెరపిస్టు. ఆ ఫిజియోకు పంపే దారి నర్సు చేతిలో ఉందో లేదో కనుక్కోండి.

హార్మోన్లు, ఆ ఇంజెక్షన్

ఈ సేవను అంచనా వేయడానికి ఇంతకంటే మంచి చోటు లేదు. హార్మోన్ చికిత్సలను మొదటి నెలల్లోనే మానేసేవాళ్లు ఉంటారు. చాలాసార్లు మందు పనిచేయక కాదు, ఏం జరుగుతుందో ఎవరూ ముందు చెప్పక. గర్భసంచిలో పెట్టే 52 మిల్లీగ్రాముల లెవోనార్జెస్ట్రెల్ పరికరంతో మూడు నుంచి ఆరు నెలలు చుక్కలు చుక్కలుగా రక్తం కనిపించడం మామూలే. రోజుకు 2 మిల్లీగ్రాముల డైనోజెస్ట్ అనే హార్మోన్ మాత్రతో కూడా మొదట్లో అంతే. దానికితోడు మనసు కుంగినట్టు అనిపిస్తే ఓర్చుకోకుండా వెంటనే చెప్పాలి. ఇంతకుముందు డిప్రెషన్ ఉన్నవాళ్లయితే మరీను. రెండు హార్మోన్లు కలిసిన గర్భనిరోధక మాత్ర మొదలుపెట్టేముందు బీపీ చూసి, బరువు చూసి, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉందా అని అడగాలి. ఉంటే ఆ మాత్ర ఇవ్వకూడదు. ఇక పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లకు గర్భం వచ్చే అవకాశం పెంచడానికని హార్మోన్లు ఇవ్వడంలో అర్థం లేదు. వాటివల్ల అవకాశం పెరగదు.

అండాశయాల పనిని తాత్కాలికంగా ఆపే గోసెరిలిన్ ఇంజెక్షన్ సంగతి విడిగా చెప్పుకోవాలి. 3.6 మిల్లీగ్రాములు, 28 రోజులకొకసారి. ఇది ద్రవం కాదు, బియ్యపుగింజంత ఘనపదార్థం. అందుకే సూది లావుగా, 16 గేజ్ ఉంటుంది. పేషెంటును తల కాస్త ఎత్తుగా ఉండేలా పడుకోబెట్టి, బొడ్డు గీతకు కిందుగా పొట్ట చర్మాన్ని వేళ్లతో పట్టి ఎత్తి, సూదిని 30 నుంచి 45 డిగ్రీల వాలులో చర్మం కిందికి పోనివ్వాలి. కండరంలోకి దిగకూడదు. మామూలు ఇంజెక్షన్లలా వెనక్కి లాగి చూడటం దీంట్లో కుదరదు. రక్తనాళానికి తగిలితే సిరంజి గదిలో రక్తం కనిపిస్తుంది. అప్పుడు సూది తీసేసి, రక్తం ఆగేలా అదిమిపట్టి, ఇంకోచోట కొత్తది వేయాలి. పొట్ట గోడలో ఒక ధమని ఉంది కాబట్టి బాగా సన్నగా ఉన్నవాళ్ల విషయంలో, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ల విషయంలో ఇంకాస్త జాగ్రత్త. చర్మం మొద్దుబారే క్రీము ముందే రాసుకుని వెళ్తే నొప్పి తగ్గుతుంది. ఇంజెక్షన్ అయ్యాక తల తిరగడం, పొట్ట ఉబ్బి నొప్పి పెరగడం ఉంటే ఇంటికి వెళ్లిపోకూడదు.

మొదటి ఒకటి రెండు వారాల్లో నొప్పి తగ్గకపోగా పెరగొచ్చు. అండాశయాలు మూతపడేముందు హార్మోన్లు ఒకసారి ఎగసిపడటమే కారణం. ఆ మాట ముందే చెప్పని సెంటర్లలో రెండో ఇంజెక్షన్‌కు రానివాళ్లు ఎక్కువ. వేడి ఆవిర్లకు, ఎముకల రక్షణకు యాడ్-బ్యాక్ హార్మోన్లు (తగ్గిపోయిన హార్మోన్‌ను కొద్దిగా తిరిగిచ్చే మందులు) ఇస్తారు. ఉదాహరణకు రోజుకు 2.5 మిల్లీగ్రాముల టిబొలోన్. వీటిని ఇంజెక్షన్‌తోపాటే మొదలుపెట్టడం మేలని మా అభిప్రాయం. ఆవిర్లతో నిద్రలేని నెల గడిచాక ఇస్తే అప్పటికే నమ్మకం పోయి ఉంటుంది. తేదీ దాటనివ్వకూడదు. జీపీ దగ్గర వేయించుకునేవాళ్లు 28వ రోజు అపాయింట్‌మెంట్ అంతకుముందు ఇంజెక్షన్ రోజే బుక్ చేసుకోవాలి. నెలసరి ఆగిందని గర్భం రాదనుకోవద్దు, హార్మోన్లు లేని గర్భనిరోధకం వాడాలి.

రెలుగొలిక్స్ 40 మిల్లీగ్రాములు, ఎస్ట్రడయోల్ 1 మిల్లీగ్రాము, నారెథిస్టెరోన్ అసిటేట్ అర మిల్లీగ్రాము కలిపిన మాత్రకు ఎండోమెట్రియోసిస్ కోసం నైస్ 2025లో ఒప్పుకుంది. అప్పటికే మందులో ఆపరేషనో ప్రయత్నించినవాళ్లకు ఇది. మొదట్లో నొప్పి ఎగసిపడటం ఉండదు, సూది అక్కర్లేదు, ఎముకలకు కావలసిన హార్మోన్ అందులోనే ఉంది. మొదటి నెల మాత్రం కండోమ్ లాంటి అడ్డు వాడాలి. ఏడాది తర్వాత ఎముకల సాంద్రత చూసే డెక్సా స్కాన్ తీయించాలి. ఈ స్కాన్ ఎవరు బుక్ చేస్తారన్నది రాతపూర్వకంగా తేల్చుకోండి. జీపీ చేస్తారని ఆసుపత్రి, ఆసుపత్రి చేస్తుందని జీపీ అనుకుని వదిలేసేది ఇలాంటిచోటే.

ఆపరేషన్‌కు ముందూ తర్వాతా

గైనకాలజిస్టు, పేగు సర్జన్, రేడియాలజిస్టు కూర్చునే సమావేశంలో మీ కేసు చర్చకు వచ్చేసరికి ఎమ్మారై ఫిల్ములు, పాత లాపరోస్కోపీ (పొట్టలోకి కెమెరా పంపి చూసే ఆపరేషన్) ఫొటోలు, ఆపరేషన్ నోట్స్ బల్ల మీద ఉండాలి. వాటిని తెప్పించడం నర్సు పని. పాత ఆపరేషన్ వేరే దేశంలో జరిగి ఉంటే కాగితాలు మీరే పట్టుకెళ్లండి. లేదంటే కేసు తర్వాతి సమావేశానికి వాయిదా పడుతుంది. లోతైన వ్యాధి అని తేలితే కిడ్నీల అల్ట్రాసౌండ్ చేశారో లేదో అడగండి. మూత్రాన్ని కిడ్నీ నుంచి కిందికి తెచ్చే గొట్టాన్ని వ్యాధి బయటి నుంచి నొక్కేస్తే నొప్పి ఏమీ లేకుండానే కిడ్నీ పాడైపోతుంది. ఇది మరిచిపోకుండా చూసే నర్సు ఉన్న సెంటర్‌కు మేం కళ్లు మూసుకుని మార్కులేస్తాం.

పేగు ముక్క తీయాల్సి రావచ్చంటే స్టోమా (మలం సంచిలోకి పోయేలా పొట్ట మీద పెట్టే దారి) చూసే నర్సుతో ముందే పరిచయం చేయించాలి. సంచి పెట్టాల్సి వస్తే ఎక్కడన్నది మీరు నిలబడి, కూర్చుని, వంగి చూశాక పొట్ట మీద గుర్తు పెడతారు. ఆపరేషన్ బల్ల మీద పడుకున్నప్పుడు చదునుగా కనిపించిన చోటు కూర్చుంటే మడతలో పడుతుంది. మడతలో పడిన సంచి కారుతుంది. అండాశయంలో తిత్తి తీయించుకునేవాళ్లు పిల్లల సంగతి ఆపరేషన్‌కు ముందే మాట్లాడాలి. తిత్తితోపాటు కొంత అండాల నిల్వ కూడా పోతుంది.

ఆపరేషన్ తర్వాత చేసే ఫోనే ఈ సేవకు అసలైన పరీక్ష. బీఎస్‌జీఈ సెంటర్లలో లోతైన వ్యాధికి ఆపరేషన్ చేయించుకున్న 4,721 మంది వివరాలతో 2018లో ఒక అధ్యయనం వచ్చింది. అందులో మొత్తం మీద 6.8 శాతం మందికి ఏదో ఒక చిక్కు ఎదురైంది. ఆసుపత్రి నుంచి ఇంటికి చేరాక బయటపడే చిక్కులు కూడా ఉంటాయి కాబట్టి, మొదటి వారంలో నర్సు తనంతట తాను ఫోన్ చేయాలి. "బాగున్నారా?" అని అడిగి పెట్టేసే ఫోన్ ఎందుకూ కొరగాదు. అడగాల్సినవి వేరే ఉన్నాయి.

నొప్పి నిన్నటికంటే తగ్గిందా, పెరిగిందా? భుజం పైన నొప్పి రెండు మూడు రోజులు ఉండటం లోపల మిగిలిన గ్యాస్ వల్లే, భయం లేదు. కానీ తగ్గుతూ వచ్చిన పొట్టనొప్పి మళ్లీ తిరగబెట్టి, జ్వరం, గుండెదడ తోడైతే పేగు కుట్టు లీకవుతోందేమో చూడాలి. మూత్రం ధారగా వస్తోందా, చుక్కలుగానా? లోతుగా కోసినప్పుడు మూత్రాశయ నరాలు దెబ్బతింటే మూత్రం నిండినట్టే తెలియదు. పోసుకున్నాక లోపల 100–150 మిల్లీలీటర్లకు మించి మిగిలిపోతుంటే చాలాచోట్ల తేలిగ్గా తీసుకోరు. అవసరమైతే సన్నటి గొట్టంతో మీ అంతట మీరే మూత్రం తీసుకోవడం నర్సు నేర్పిస్తుంది. యోని నుంచి నీళ్లలా కారుతోందా, నడుం పక్కన నొప్పి ఉందా? మూత్రనాళానికి తగిలిన గాయం ఒక్కోసారి వారం పది రోజులకు గానీ బయటపడదు. పిక్క వాచిందా? ఈ ప్రశ్నల్లో ఏ ఒక్కదానికి జవాబు తేడాగా ఉన్నా ఆ రోజే ఆసుపత్రికి రమ్మనాలి. శుక్రవారం సాయంత్రం "సోమవారం చూద్దాం" అనే నర్సును, ఎంత తియ్యగా మాట్లాడినా సరే, మేం మంచి నర్సు అనలేం.

ఎక్కడ తడబడుతోంది

మొదటి లోపం, ఒక్క మనిషి. పెద్ద సెంటర్లో కూడా ఒకే నర్సు ఉండటం, ఆవిడే హెల్ప్‌లైన్ ఎత్తి, క్లినిక్ నడిపి, డేటాబేస్ నింపి, ఆపరేషన్ రోజు వార్డుకు వెళ్లడం మామూలైపోయింది. ఆవిడకు జ్వరమొస్తే వాయిస్‌మెయిల్ నిండిపోతుంది. కొన్నిచోట్ల "స్పెషలిస్టు నర్సు ఉంది" అన్నది కాగితం మీది మాటే. వారంలో కొన్ని గంటలు ఈ పని, మిగతా సమయమంతా సాధారణ గైనకాలజీ క్లినిక్‌లో. గుర్తింపు షరతు నెరవేరుతుంది, ఫోన్ మాత్రం మోగుతూనే ఉంటుంది. అడగాల్సిన ప్రశ్న: "మీరు లేనప్పుడు ఎవరు చూస్తారు?" ఆటోమేటిక్ రిప్లైలో ఇంకో పేరు, ఇంకో నంబరు ఉంటే ఆ సెంటర్ ఆలోచించే ఏర్పాటు చేసిందన్నమాట.

రెండోది, హెల్ప్‌లైన్‌ను అత్యవసర సేవ అనుకోవడం. సందేశం వదిలితే జవాబు పనిదినాల్లోనే వస్తుంది, రాత్రిపూట ఎవరూ ఉండరు. విపరీతమైన నొప్పి, స్పృహ తప్పడం, ఆగని రక్తస్రావం ఉంటే ఎన్‌హెచ్‌ఎస్ సలహా నంబరు 111 లేదా అత్యవసర నంబరు 999, అంతే. ఈ తేడా మొదటి కరపత్రంలోనే పెద్ద అక్షరాల్లో ఉండాలి. ఎక్కడో నాలుగో పేజీలో అచ్చేస్తున్నారు.

మూడోది కాస్త ఇబ్బందికరమైన మాట. డాక్టర్ల కొరతను కప్పిపుచ్చడానికి నర్సును వాడుకునే సెంటర్లు ఉన్నాయి. రిఫరల్ నుంచి చికిత్స దాకా 18 వారాలన్నది ఎన్‌హెచ్‌ఎస్ ప్రమాణం. గైనకాలజీలో అది తప్పిపోవడం అందరూ ఎరిగిందే. ఎదురుచూసే కాలంలో నర్సు ఫోన్ ఎంతో ఊరట, నిజమే. కానీ రెండుసార్లు మందు మార్చినా నొప్పి తగ్గకపోతే, మూడోసారి కూడా నర్సు అపాయింట్‌మెంటే ఇస్తుంటే, కన్సల్టెంట్‌ను చూడాలని మర్యాదగా, రాతపూర్వకంగా అడగాలి. మంచి నర్సు దీనికి నొచ్చుకోదు, తనే ముందుగా చెబుతుంది.

సందేశం ఎలా పెట్టాలన్నది కూడా తెలుసుకుంటే మంచిది. ఎన్‌హెచ్‌ఎస్ నంబరు, పుట్టిన తేదీ, ఏ కన్సల్టెంట్, ఏం మారింది, ఎప్పటినుంచి, ఏ మందు ఎంత మోతాదు, మీకు కావాల్సింది ఏమిటి: ఐదారు వరుసలు చాలు. "ప్లీజ్ కాల్ మీ" అని పెట్టిన సందేశం వరుసలో వెనక్కి పోతుంది, ఎందుకంటే తొందరేమిటో ఎవరికీ తెలియదు. జీపీకి వెళ్లే ప్రతి ఉత్తరం నకలు మీకూ పంపమనండి. ఇంగ్లండ్‌లో మొదటి అపాయింట్‌మెంట్‌కు ఏ ఆసుపత్రో ఎంచుకునే హక్కు మీకుంది, కాబట్టి జీపీతో మాట్లాడేముందే బీఎస్‌జీఈ జాబితా చూసుకుని వెళ్లండి. ఇంగ్లిషులో ఇలాంటి విషయాలు చెప్పడం కష్టమైన వాళ్లు తెలుగు దుబాసీ కావాలని ముందే అడగొచ్చు, ఖర్చు ఉండదు. భర్తో కూతురో పక్కన కూర్చుని అనువదిస్తుంటే కలయికలో నొప్పి గురించీ, మలవిసర్జన గురించీ ఎవరూ నిజం చెప్పరు. ఎంత అడిగినా జవాబు రాకపోతే ఆసుపత్రిలో పేషెంట్లకు సలహా, సాయం ఇచ్చే పాల్స్ విభాగానికి రాయండి. ఫిర్యాదు అనుకోనక్కర్లేదు, చాలాసార్లు ఒక ఫోన్ కాల్‌తో కదులుతుంది.

ఆపరేషన్ తర్వాత 6, 12, 24 నెలలకు నింపాల్సిన ప్రశ్నాపత్రాలు వస్తాయి. బాగున్నవాళ్లు బద్ధకించి, బాగాలేనివాళ్లు విసిగి నింపరు. నింపితేనే నొప్పి తిరిగి వస్తున్న సంగతి సెంటర్ కంట పడుతుంది. గర్భసంచితోపాటు అండాశయాలు తీసేసినవాళ్లకు ఇంకో మాట: గర్భసంచి లేదు కాబట్టి ఒక్క ఈస్ట్రోజెన్ చాలని జీపీ రాసివ్వబోతే, లోపల మిగిలిన వ్యాధి మళ్లీ రాజుకునే అవకాశం గురించి నర్సును అడిగి, ప్రొజెస్టోజెన్ కలిసిన మందో టిబొలోనో కావాలేమో తేల్చుకోండి.

ఈమధ్య చాలా సెంటర్లు క్రమం తప్పని అపాయింట్‌మెంట్ల బదులు, "అవసరమైతే మీరే ఫోన్ చేయండి" అనే పద్ధతిలో పెడుతున్నాయి. నిలకడగా ఉన్నవాళ్లకు ఇది మంచిదే, అక్కర్లేని ప్రయాణం తప్పుతుంది. అయితే దానికి గడువు ఉంటుంది. ఆ తేదీ లోపు ఫోన్ చేయకపోతే పేరు తీసేసి మళ్లీ జీపీ దగ్గర మొదలుపెట్టమంటారు. ఉత్తరంలో ఆ తేదీ ఎక్కడుందో చూసుకుని, దానికి నెల ముందు ఫోన్‌లో ఒక గుర్తు పెట్టుకోండి. ఆ నెలలో నొప్పి ఏ మాత్రం తిరగబెట్టినా గడువులోపే నర్సుకు సందేశం పెట్టండి.